చీటీలో రాయని ప్రశ్న

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం ఉదయం ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడా వచ్చిన పునరుక్తులు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఈ ఉక్కపోతలో, అదీ ఆదివారం పూట, ఇంతమంది వస్తారనుకోలేదు. చాలామంది చేతుల్లో పెద్ద పెద్ద కవర్లు కనిపిస్తున్నాయి. ఫిల్ములు తెచ్చుకున్నారన్నమాట. మంచి పని చేశారు, మాటలయ్యాక తప్పకుండా చూస్తాను.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళోనే సీటీ స్కానింగులు చూసి రిపోర్టులు రాస్తున్నాను. స్కానింగ్ గదిలోంచి బొమ్మ నా కంప్యూటర్ మీదికి వస్తుంది. దాంతోపాటు డాక్టరు గారు రాసిచ్చిన చీటీ వస్తుంది. మీరందరూ బొమ్మ గురించి అడుగుతారు. నేను ఇవాళ ఆ చీటీ గురించి చెప్పాలని వచ్చాను.

ఒక చీటీ మీద "సీటీ బ్రెయిన్" అని రెండే మాటలు ఉంటాయి. ఇంకో చీటీ మీద "ఉదయం ఆరింటికి లేచేసరికి కుడి చెయ్యి ఎత్తలేకపోయారు, మాట ముద్దగా వస్తోంది, బీపీ ఉంది" అని ఉంటుంది. రెండూ ఒకే మిషన్ మీద తీస్తారు, రెండింటికీ ఖర్చు ఒకటే. కానీ రెండో చీటీ చూడగానే నా కళ్ళు మెదడులో ఎడమ వైపుకి పోతాయి. కుడి చెయ్యి పడిపోయిందంటే తేడా సాధారణంగా ఎడమ మెదడులో ఉంటుంది. అక్కడ రక్తనాళం ఒకటి మామూలు కంటే కాస్త తెల్లగా ఉందా, మెదడు లోపల మామూలుగానే ఉండే ముద్దల అంచులు చెరిగినట్టున్నాయా అని వెతుకుతాను. మొదటి రెండు మూడు గంటల్లో ఆ గుర్తులు ఎంత సన్నగా ఉంటాయంటే, వెతికే మనిషికి తప్ప కనపడవు. మొదటి చీటీ వచ్చిన మనిషికి కూడా అదే జబ్బు అయ్యుండొచ్చు. నాకు చెప్పినవాళ్ళు లేరు, అంతే.

అసలు ఈ మిషన్ చేసే పనేమిటో ముందు చెప్తాను. ఎక్స్‌రే అంటే నీడ. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన దగ్గర్నుంచీ అంతే. ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తి, వెనక వెన్నెముక, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడ అవుతాయి. గుండె వెనక చిన్న గడ్డ ఉంటే ఆ నీడలో కలిసిపోతుంది. మన డాల్ఫిన్ నోస్ కొండనే తీసుకోండి. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే ఒకలా ఉంటుంది, హార్బర్ వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. ఒక్క చోటు నుంచి చూసినవాడికి కొండ అసలు ఆకారం తెలియదు. చుట్టూ తిరుగుతూ వందల చోట్ల నుంచి చూసినవాడు దాని ఆకారం గీసి ఇవ్వగలడు. సీటీలో ఎక్స్‌రే ట్యూబు మీ చుట్టూ అలా తిరుగుతుంది. ఒక్కో చుట్టులో వందల కోణాల నుంచి కొలతలు తీసుకుంటుంది. కంప్యూటర్ ఆ కొలతలన్నీ కలిపి, చిప్స్‌కి అరటికాయ చక్రాలు తరిగినట్టు, మీ శరీరాన్ని కత్తి తగలకుండా పలచటి చక్రాలుగా చూపిస్తుంది.

దీన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజనీరు. పనిచేసింది ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీలో. మన ఇళ్ళలో పాత పాటల రికార్డుల మీద కుక్క బొమ్మ ఉండేది గుర్తుందా, ఆ హెచ్‌ఎంవీ వాళ్ళే. ఆయన మొదట ప్రయోగశాలలో కట్టుకున్న మిషన్‌కి ఒక్క బొమ్మకి సరిపడా కొలతలు తియ్యడానికి తొమ్మిది రోజులు పట్టిందట. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మెదడులో గడ్డ ఉందన్న అనుమానంతో వచ్చిన ఒకావిడకి మొదటిసారి స్కాన్ తీశారు. గడ్డ కనపడింది. తర్వాత ఆపరేషన్ చేసి చూస్తే బొమ్మలో ఉన్నట్టే ఉంది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కి, దీని వెనక లెక్కలు విడిగా కట్టిన అలన్ కార్మాక్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేదేమిటంటే, ఆ మొదటి స్కాన్ కూడా ఒక ప్రశ్నతోనే మొదలైంది. ఆవిడ మెదడు ముందు భాగంలో గడ్డ ఉందా లేదా? అంతే.

ఇవాళ్టికీ మేం బొమ్మలో తెలుపు నలుపులని హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదున్న అంకెలతోనే కొలుస్తాం. నీళ్ళు 0. గాలి మైనస్ 1000. కొవ్వు మైనస్ 100 దగ్గర. గట్టి ఎముక వెయ్యికి అటూ ఇటూ. మెదడు 30, 40 మధ్య. కొత్తగా కారిన రక్తం 60, 70. మెదడు అంకెకీ రక్తం అంకెకీ మధ్య ఉన్న ఈ చిన్న తేడా ఉంది చూశారూ, పక్షవాతం వచ్చిన మనిషి ప్రాణం దాని మీదే ఉంటుంది.

కిందటేడాది వానాకాలంలో ఒక రాత్రి జరిగింది చెప్తాను. చేపలరేవు దగ్గర ఉండే ఒకాయన్ని ఆటోలో తీసుకొచ్చారు. అరవై లోపు వయసు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని "అన్నం తిని చెయ్యి కడుక్కుంటన్నాడు, చెంబు జారిపోనాది డాట్రమ్మా, మరి మాట నేదు" అంది. ఎన్ని గంటలకమ్మా అంటే, "సీరియల్ అప్పుడే మొదలైనాది, ఎనిమిదిన్నర" అంది. ఆ ఒక్క మాట ఎంత విలువైనదో ఆవిడకి తెలియదు. మేము స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టేసరికి పది దాటి ఇరవై నిమిషాలు. తల స్కాన్ తియ్యడానికి సెకన్లు చాలు. మెదడులో తెల్లటి మచ్చ ఎక్కడా లేదు, అంటే రక్తం కారలేదు. ఎడమ వైపు నాళం మాత్రం సన్నటి తెల్ల దారంలా ఉంది. అందులో రక్తపు గడ్డ అడ్డం పడిందన్నమాట. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పావు తక్కువ పదకొండుకి ఇచ్చేశారు. తెల్లారేసరికి ఆయన చెయ్యి పైకెత్తాడు. అందరికీ ఇలా అవుతుందని నేను చెప్పను, అవ్వదు. కానీ అదే ఇంజెక్షన్ మెదడులో రక్తం కారిన మనిషికి ఇస్తే చంపేస్తుంది. బయట నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు, చెయ్యి పడిపోయి, మూతి వంకరపోయి. ఎవరికి ఏదో సీటీ తప్ప ఇంకేదీ అంత తొందరగా చెప్పలేదు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోతే, చెయ్యి జారితే, మాట తడబడితే, గడియారం చూడండి. ఆ టైమ్ కాగితం మీద రాసుకోండి. రాత్రీ పగలూ సీటీ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. పావురం రక్తం రాయించడాలు, నూనె మర్దనాలు, తెల్లారాక చూద్దాం అనుకోవడాలు వద్దు. ఈ ఒక్క మాట మీరు ఇంటికి పట్టుకెళ్ళినా నాకు చాలు.

తల దెబ్బలకీ అంతే. బండి మీంచి పడ్డ కుర్రాడు లేచి నిలబడి "నాకేం కాలేదు" అని ఇంటికెళ్ళి పడుకుంటాడు. పుర్రెకీ మెదడు పొరకీ మధ్య నాళం తెగి, రక్తం మెల్లగా పోగై, కొన్ని గంటల తర్వాత స్పృహ తప్పుతుంది. సీటీలో అది కందిబద్ద ఆకారంలో తెల్లగా కనపడుతుంది. టైమ్‌కి చూస్తే ఆపరేషన్ చేసి మనిషిని దాదాపు మామూలుగా ఇంటికి పంపగలరు. దెబ్బ తగిలాక వాంతులవుతున్నా, మత్తుగా ఉన్నా, తలనొప్పి పెరుగుతున్నా ఆగొద్దు. కిడ్నీలో రాయి, అపెండిసైటిస్ అనుమానం, ఊపిరితిత్తి నాళంలో రక్తపు గడ్డ, ఛాతీలోని పెద్ద ధమని గోడ చీలడం, వీటన్నిటికీ సీటీ ఎంత బాగా జవాబిస్తుందో చెప్పాలంటే పొద్దు చాలదు. వీటిలో ప్రతిదానికీ ఒక మనిషి, ఒక బాధ, ఒక ప్రశ్న ఉన్నాయి. అందుకే ఇక్కడ సీటీ విషయంలో నాకు అనుమానమే లేదు.

అనుమానం ఎక్కడ మొదలవుతుందంటే, బాధ ఏదీ లేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టినప్పుడు. దాన్ని స్క్రీనింగ్ అంటాం. జబ్బు బయటపడక ముందే పట్టుకుందామని.

స్క్రీనింగ్‌లో సీటీకి గట్టి రుజువున్నది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి. అమెరికాలో 53 వేలమందికి పైగా, బాగా పొగతాగే అలవాటున్న వాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి తక్కువ డోసు సీటీ, ఇంకో గుంపుకి ఎక్స్‌రే, ఏడాదికొకటి చొప్పున మూడు సార్లు తీశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సీటీ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఇది చిన్న సంగతి కాదు. దాని పక్కనే ఇంకో అంకె కూడా చెప్పాలి. సీటీ తీసిన ప్రతి వందలో దాదాపు 24 సార్లు "ఏదో ఉంది" అని రిపోర్టు వచ్చింది. అలా వచ్చిన వందలో 96 క్యాన్సర్ కాదని తేలింది. అంటే అంతమంది కొన్ని నెలలు నిద్రలేకుండా గడిపారు. కొందరు సూది పొడిపించుకున్నారు.

ఇక మన దగ్గరికి రండి. చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో ఎప్పుడో యవ్వనంలో టీబీకి మందులు వాడి తగ్గించుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. టీబీ మానినా ఊపిరితిత్తిలో మచ్చ మిగులుతుంది. సీటీలో ఆ మచ్చ చిన్న గడ్డలా కనపడుతుంది. అందుకని మన దేశంలో ఈ పరీక్ష మూకుమ్మడిగా అందరికీ చెయ్యడం అంత సులువు కాదు. రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్ళు కాల్చిన, యాభై దాటిన మనిషి, ఇప్పటికీ కాలుస్తున్నా, మానేసి పదిహేనేళ్ళు దాటకపోయినా, తన డాక్టర్‌తో కూర్చుని ఈ సంగతి మాట్లాడాలి. అమెరికాలో 2021 నుంచి ఉన్న సలహా ఇదే. పొగ అలవాటే లేని ముప్పై ఏళ్ళ అమ్మాయికి ఈ స్కాన్ అక్కర్లేదు.

ఇక్కడ మన తీరానికే చెందిన మాట ఒకటి చెప్పాలి. అడ్డపొగ. చుట్ట కాలే కొనని నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మన ఉత్తరాంధ్ర పల్లెకారుల ఆడవాళ్ళలో, ముసలమ్మల్లో మీరు చూసే ఉంటారు. గాలికి ఆరదని, బూడిద రాలదని అంటారు. ఆ వేడికీ పొగకీ అంగిలి తెల్లగా మొద్దుబారి, దాని మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. కొందరిలో అక్కడే క్యాన్సర్ పుడుతుంది. 1950ల్లోనే మన ఆంధ్ర వైద్య కళాశాల డాక్టర్లు దీని గురించి రాశారు. ఆ చుక్కలు చూడటానికి సీటీ పనికిరాదు. నోరు బాగా తెరిపించి, తల వెనక్కి వాల్చి, టార్చి లైటు వెయ్యాలి. అంతే ఖర్చు. నోటి క్యాన్సర్ పరీక్ష ముప్పై దాటినవాళ్ళకి ప్రభుత్వ కార్యక్రమంలో కూడా ఉంది. పుండు కనపడి, ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సర్ అని తేలాక అప్పుడు సీటీ కావాలి. అంగిలి ఎముకని తినేసిందా, మెడలో బిళ్ళలు కట్టాయా, ఆపరేషన్ ఎంతవరకు చెయ్యాలి అన్నది అది చెప్తుంది. భీమిలి వైపు ఒక పల్లెలో ఒక మామ్మ నోట్లో టార్చి వేసి చూసినప్పుడు ఆవిడ "యాభై ఏళ్ళ నుంచి కాలుస్తన్నాను, ఎవులూ నోరు తెరవమన్నేదు తల్లీ" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

గుండెకి కాల్షియం స్కోర్ అని ఒకటుంది. గుండె రక్తనాళాల్లో పేరుకున్న సున్నాన్ని కొలిచే చిన్న స్కాన్, మందు ఎక్కించక్కర్లేదు. 0 వస్తే మంచిదే, 100 దాటితే ఆలోచించాలి, 400 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. కొలెస్టరాల్ మాత్ర వాడాలా వద్దా అని ఊగిసలాడే మనిషికి ఇది పనికొస్తుంది. ఇప్పుడే ఛాతీ నొప్పి వస్తున్న మనిషికి పనికిరాదు, అతను ఈసీజీకి పరిగెత్తాలి. స్టెంట్ వేయించుకున్న మనిషికీ దీంతో పని లేదు. 0 వచ్చినా మెత్తటి కొవ్వు అడ్డు ఉండొచ్చు, కాబట్టి సిగరెట్టు కాల్చుకోవచ్చని దానర్థం కాదు.

ఇక తల నుంచి కాలి దాకా స్కాన్ అని ప్యాకేజీలు. ఏ లక్షణమూ లేనివాళ్ళకి ఒళ్ళంతా సీటీ తియ్యమని నాకు తెలిసిన ఏ రేడియాలజీ సంఘమూ చెప్పదు. మీ పిల్లలు అమెరికా నుంచి ప్రేమతో డబ్బు కట్టి బుక్ చేస్తారు, నాకు తెలుసు. ఆ ప్రేమని కాదనలేం. కానీ యాభై దాటిన ఏ ఒంట్లోనైనా వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. కిడ్నీలో నీటి తిత్తి, కాలేయంలో మచ్చ, కిడ్నీ పైన గ్రంథిలో చిన్న ఉబ్బు. చాలావరకు వాటి వల్ల ఏ హానీ లేదు. రిపోర్టులో ఆ మాట చదివిన రోజు నుంచి మాత్రం ఇంట్లో అందరికీ టెన్షన్.

తప్పుడు ధైర్యం ఇంకా ప్రమాదం. ఇది మా ఇంట్లో జరిగింది. 2021లో సెకండ్ వేవ్ రోజులు గుర్తున్నాయి కదా. ఎవరిని పలకరించినా "స్కోర్ ఎంతొచ్చింది" అనే. ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో సీటీ చూసి వేసే స్కోర్, ఇరవై ఐదుకి ఎంత అని, పరీక్ష మార్కుల్లా. కాకపోతే ఇక్కడ తక్కువైతేనే మంచిది. మా పిన్నికి జ్వరం వచ్చిన రెండో రోజే వాళ్ళబ్బాయి ఒక సెంటర్‌కి తీసుకెళ్ళి సీటీ తీయించాడు. స్కోర్ సున్నా. చీటీ రాసిన డాక్టరు లేరు, ఎన్నో రోజు జ్వరమని అడిగినవాళ్ళు లేరు. సున్నా వచ్చింది కదా అని ఆక్సిజన్ చూడటం మానేశారు. కోవిడ్‌లో మొదటి రెండు రోజులు చాలామంది ఊపిరితిత్తులు సీటీలో మామూలుగానే ఉంటాయి. ఎనిమిదో రోజుకి ఆవిడ ఆక్సిజన్ 84. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది, దేవుడి దయ. వేలికి పెట్టుకునే చిన్న పరికరం ఆ వారమంతా చెప్పగలిగిన దాన్ని, రెండో రోజున తీసిన సీటీ చెప్పలేకపోయింది. నన్ను ముందే అడిగి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. నేను ఆ వారం రోజుకి వంద స్కాన్లు చూస్తూ ఫోన్ ఎత్తలేదు.

రేడియేషన్ గురించి అడుగుతారని తెలుసు. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతుంది. రేడియేషన్‌ని కొలిచే కొలత అది. భీమిలి తీరం ఇసకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది, అలాంటివన్నీ కలిపి. ఛాతీ ఎక్స్‌రేకి దాదాపు 0.1. తక్కువ డోసు ఛాతీ సీటీకి ఒకటిన్నర. తలకి 2 దాకా. మామూలు ఛాతీ సీటీకి 6, 7. పొట్టకి 8 నుంచి 10. అమెరికా ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం 10 మిల్లీసీవర్టులు తగిలితే ప్రాణం తీసే క్యాన్సర్ వచ్చే అవకాశం రెండు వేలమందిలో ఒకరికి పెరగొచ్చు. పక్షవాతం వచ్చిన మనిషికి ఈ లెక్క చూడకూడదు. ఏ జబ్బూ లేని మనిషికి ఏడాదికోసారి తీస్తుంటే తప్పకుండా చూడాలి. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త, వాళ్ళ కణాలకి హాని ఎక్కువ, ముందు బతకాల్సిన ఏళ్ళూ ఎక్కువ. అల్ట్రాసౌండ్‌తో తేలేది ఉంటే పిల్లలకి ముందు అదే. గర్భం ఉందన్న అనుమానం ఉంటే బల్ల ఎక్కక ముందే చెప్పండి, సిగ్గుపడొద్దు.

కొన్ని సీటీల్లో లోపలి భాగాలు స్పష్టంగా కనపడాలని నరానికి ఎక్కించే మందు సంగతి. అది అయోడిన్ ఉన్న మందు. ఎక్కగానే ఒళ్ళంతా వేడిగా అవుతుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది, మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. ఏమీ పోదు, అర నిమిషంలో తగ్గిపోతుంది, కంగారు పడి కదలకండి. మన ఊళ్ళో చాలామంది "నాకు రొయ్యలు పడవు, అయోడిన్ పడదు" అంటారు. రొయ్య పడకపోవడానికి కారణం అందులోని ప్రోటీన్, అయోడిన్‌తో సంబంధం లేదు. ఇంతకు ముందు ఇదే మందు పడక దద్దుర్లు వచ్చాయా, ఆయాసం వచ్చిందా, అది చెప్పండి. కిడ్నీలు సరిగ్గా లేవన్నదీ చెప్పండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్ళని నేను ప్రత్యేకంగా అడుగుతాను, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించందే మందు ఎక్కించనివ్వను. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు కూడా ముందే అడగాలి, కిడ్నీ బాగా తగ్గి ఉంటే ఆ మాత్ర కొన్నాళ్ళు ఆపాలి.

ఇందాక చీటీ దగ్గర మొదలుపెట్టాను. చీటీలో డాక్టరు గారు రాయకపోతే మీరు చెప్పండి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ముందు ఏ ఆపరేషన్లు అయ్యాయి, టీబీ వచ్చిందా. టెక్నీషియన్ బాబుకి చెప్పండి, అతను కాగితం మీద రాసి నాకు పంపుతాడు. "ఈ స్కాన్‌తో ఏం తెలుసుకోవాలనుకుంటున్నారండీ" అని మీ డాక్టర్ని అడగడం తప్పు కాదు. "అది తెలిస్తే నా వైద్యంలో ఏం మారుతుంది" అని కూడా అడగండి.

పాత ఫిల్ములు పారెయ్యకండి. రైల్వేలో రిటైరైన ఒకాయనకి ఊపిరితిత్తిలో 12 మిల్లీమీటర్ల గడ్డ కనపడింది. మర్నాడు సూది వేసి ముక్క తియ్యాలని నిర్ణయం. పాత స్కాన్ ఏదైనా ఉందా అని అడిగితే లేదన్నారు. సాయంత్రం ఆయన భార్య వచ్చారు. ట్రంకు పెట్టె అడుగున, పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన ఒక ఫిల్ము ఆవిడ చేతిలో ఉంది. తొమ్మిదేళ్ళ కిందట దగ్గొచ్చినప్పుడు తీసిందట. కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. అదే చోట అదే గడ్డ, అదే సైజు, మధ్యలో అదే సున్నపు చుక్క. తొమ్మిదేళ్ళలో వెంట్రుకంత కూడా పెరగలేదు. సూది మానేశాం. ఆవిడ ఆ క్యాలెండర్ కాగితాన్ని మళ్ళీ మడతలు సరిచేసి దాన్లోనే చుట్టుకుని పట్టుకెళ్ళారు.

ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, ఫిల్ము మీద కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి.

సరే, ఇక కవర్లు తెరవండి. ఆ కిటికీ దగ్గర వెలుతురు బాగుంది, నేను అక్కడ నిలబడతాను. పాతవీ కొత్తవీ రెండూ తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి. మామ్మగారూ, మీరు లేవకండి, మీ దగ్గరికి నేనే వస్తాను.